ముందు గట్టు మీది గన్నర్

హెలికాప్టర్ మంచు మీద వాలలేదు. మనిషెత్తున ఆగింది, మేం దూకాం. జనవరి, ఉదయం తొమ్మిదిన్నర. అక్కడి నుంచి పోస్టుకు నాలుగు రోజుల నడక, ఒకే తాడుకు ఎనిమిది మందిమి. పోస్టు ఎత్తు పంతొమ్మిది వేల అడుగులు. రెండు ఫైబర్ గుడిసెలు, ఒక కందకం, ఒక మెషిన్‌గన్. పగలే మైనస్ ఇరవై ఐదు. ఉత్త చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడి దానికే అంటుకునేది. కిరోసిన్ పొయ్యి పొగకు ఉమ్మి నల్లగా పడేది.

నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. బ్యాటరీలు చలికి చచ్చిపోకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకునేవాణ్ని. పోస్టు కమాండర్ ఒక సుబేదార్. కొండల్లో పుట్టినవాడు, మంచు సంగతి తెలిసినవాడు. గన్నర్ మాత్రం మా వైపువాడు. అతనిది వర్ని, నాది రుద్రూర్, పక్కపక్క ఊళ్లే. పోస్టులో తెలుగు మా ఇద్దరికే వచ్చు. తాగడానికి మంచు కరిగిస్తూ, యాసంగి నాట్లకు కాలువ వదిలారో లేదోనని రోజూ బెంగపడేవాడు.

పోస్టుకు రెండు వందల అడుగుల ముందు ఒక గట్టు. దాని నెత్తిన నిటారుగా మంచువాలు. మేం చేరిన మొదటి వారంలోనే సరిహద్దు అవతలివాళ్లు ఆ గట్టు కోసం వచ్చారు. రెండు గంటలు కాల్పులు. గన్నర్ వాళ్లను వెనక్కి పంపాడు. ఆ రోజు నుంచి గన్ అక్కడే, దాని వెనక గన్నర్, అతని జోడీ సిపాయి.

తర్వాత ఐదు రోజులు ఆగకుండా మంచు కురిసింది. ఆరో రోజు ఉదయం ఆరింటికి సుబేదార్ వాలు చూసి వచ్చాడు. అది నిలవదని, ఇద్దరినీ వెనక్కి పిలుస్తానని కింద బేస్‌కు చెప్పమన్నాడు. చెప్పాను. కుదరదన్నారు. ఎనిమిదింటికి మళ్లీ అడిగాం. ఈసారి ఒక పెద్ద అధికారి గొంతు వచ్చింది.

"ఆ గట్టు మ్యాపులో మనది. ఈ రోజు దిగితే రేపు వాళ్లది. కదలొద్దు."

ఆ గొంతు వెనకాల ఎవరో నవ్వుతున్నారు, కప్పులు చప్పుడవుతున్నాయి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

గట్టు మీదికి వైర్‌లెస్ సెట్‌లో ఆ ఆర్డర్ చెప్పాల్సింది నేనే. చెప్పాను.

"అన్నా, పైన మంచు కిర్రుమంటుంది. సారుకు గా ముచ్చట చెప్పినవా?" అన్నాడు గన్నర్.

"రెండుసార్లు చెప్పినం. ఆడనే ఉండుమంటున్రు."



"సరే తియ్యి అన్న. ఉంటనని చెప్పు."

పదిన్నరకు అతని జోడీ సిపాయి కిరోసిన్ కోసం తాడు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. పది యాభైకి వాలు విరిగింది. గుడిసె ఊగింది. కందకంలోంచి చూస్తే గట్టు లేదు, గన్ లేదు. అంతా తెల్లటి దుమ్ము.

పారలు తీసుకున్నాం. ఈలోగా బేస్‌కు చెప్పాను. మళ్లీ అదే గొంతు. ఇదే అదనుగా అవతలివాళ్లు దాడి చేస్తారు, ఒక్కడూ కందకం దాటొద్దు, మళ్లీ చెప్పేదాకా ఆగండి. ఆగాం. పది నిమిషాలు. ఇరవై. ఎదురుగా ఒక్క మనిషీ కదల్లేదు. జోడీ సిపాయి ఏడుస్తూ పార పట్టుకుని నిలబడ్డాడు. నలభై నిమిషాలు గడిచాక సుబేదార్ నా వైపు తిరిగాడు.

"సెట్ ఆపెయ్," అన్నాడు.

ఆపేశాను. అందరం వెళ్లాం. పొడవాటి కడ్డీలతో గుచ్చుతూ పోతే పది నిమిషాల్లో దొరికాడు. మోకాలి లోతులోనే ఉన్నాడు. అప్పటికే ప్రాణం లేదు. ఆర్డర్ లేకుండా సెట్ ఆపినందుకు తర్వాత సుబేదార్‌ను విచారణకు పిలిచారు. ఆ గొంతును ఎవరూ ఏమీ అడగలేదు.

ఏప్రిల్‌లో సెలవు మీద వచ్చాను. బోధన్‌లో సభ పెట్టి, స్టేజీ మీద శాలువా కప్పారు. ఎంతమందిని చంపావని మైకు ముందే అడిగారు. నేనెవర్నీ చంపలేదని, ఆ మూడు నెలల్లో మా పోస్టులో తూటా తగిలినవాడు ఒక్కడూ లేడని చెప్తే వాళ్ల మొహాలు చిన్నబోయాయి. శాలువా కుర్చీ మీద వదిలేసి దిగిపోయాను.

మర్నాడు వర్ని వెళ్లాను. గన్నర్ వాళ్ల బాపు వడ్లు ఆరబోస్తున్నాడు. శత్రువుతో పోరాడుతూ అమరుడయ్యాడని రాసిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గిందుల రాసింది నిజమేనా బిడ్డా?"

"కాదు బాపు."

ఉదయం ఆరింటి నుంచి జరిగిందంతా చెప్పాను. వడ్ల పక్కనే కూర్చుని విన్నాడు.

"గా ఆర్డరిచ్చినాయన పేరేంది?"

"తెల్వదు బాపు. గొంతు ఒక్కటే ఇన్న."

"మా పోరడు ఇన్నది నీ గొంతే కదా బిడ్డా."

తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేది.  నా చేతిలోని కాగితం తీసుకుని మడిచి, కొడుకు మంచు కింద ఎంతసేపు బతికాడని అడిగాడు.

"ఎంటనే పోయిండు బాపు. ఏం తెల్వలే."

ఆయనకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. పాతికేళ్లయింది, ఆయన కూడా పోయాడు. ఇప్పుడు చెప్తున్నాను. మేం మంచు తీసినప్పుడు గన్నర్ ముక్కుకీ నోటికీ ఎదురుగా, దోసిలి పట్టేంత గుంట ఉంది. ఊపిరి వేడికి మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, అద్దంలా నున్నగా మెరుస్తోంది. ఒకటి రెండు ఊపిర్లకు అంత గుంట పడదు.