పెద్ద చెవుల బొమ్మ

మేడ్చల్‌లోని ఆ చిన్న ఆసుపత్రిలో నేను కొత్త డాక్టర్ని. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న నర్సు ఒకామె ఉండేది. పసిపిల్లల ఒంటి మీద మచ్చ కనబడితే చాలు, చీటీ వెనక ఒక పిల్ల బొమ్మ గీసి, మచ్చ ఉన్నచోట నీలం పెన్నుతో దిద్దేది. ఆ బొమ్మకు చెవులు మరీ పెద్దవి. నేను నవ్వేదాన్ని.

ఒకసారి శామీర్‌పేట నుంచి ఒక అవ్వ, ఇంకా అడుగులు వేయని మనవరాలిని జలుబని తీసుకొచ్చింది. పాప నడుము మీద నీలం మచ్చ. ఎవరో కొట్టారనుకుని పోలీసులకు ఫోన్ చేయబోయాను.

"జర ఆగుండ్రి మేడం. పుట్టుమచ్చ గూడ గిట్లనే ఉంటది. దెబ్బయితే వారంల రంగు మారుతది," అంటూ నర్సు పాప ఒళ్లంతా చూసి బొమ్మ గీసింది. మళ్లీ రమ్మని పంపాం.

ఎనిమిదో రోజు మచ్చ అలాగే ఉంది. అనుమానించినందుకు సిగ్గుపడుతూ పాపకు గౌను తొడుగుతున్నాను. నర్సు మాత్రం పాత బొమ్మ పక్కన పెట్టుకొని పాప చెవి వంచింది. బొమ్మలో తెల్లగా వదిలిన చెవి వెనక, ఇప్పుడు వేళ్లతో నులిమినట్టు కమిలి ఉంది.

"నీళ్లు పోస్తుంటే జారి పడ్డది," అంది అవ్వ.

"పడితే నెత్తికి తాకుతది. చెవి ఎన్కకు ఎట్ల తాకుతదవ్వా?"

నర్సు నా వైపు తిరిగింది.

"ఇగ చేయుండ్రి మేడం, ఫోన్."

ఆ ఎనిమిది రోజులకూ పాపను ఆ ఇంటికి పంపింది మేమే. రెండో చెవి చూద్దామని చెయ్యి చాపాను. పాప ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకొని, ఊపిరి బిగబట్టి కూర్చుంది.