ఇష్బెల్‌కి దొరికిన అమ్మ

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో చదువుకున్నవాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఇష్బెల్ డ్యూవర్ కత్తెర కింద తల వంచినవాళ్లే. పరీక్షల భయాలూ ప్రేమల గొడవలూ ఆమె సెలూన్ కుర్చీలోనే కక్కేసి వెళ్లేవారు. యాభై మూడో ఏట వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి కత్తెర పట్టు తప్పింది. సెలూన్ అమ్మేసింది. ఇక ఇంటిపట్టున ఉంటుందనుకున్నారంతా. ఆమె వెళ్లి యూనివర్సిటీలో చరిత్రలో చేరి, విద్యార్థుల ఎర్ర ఉన్ని గౌను తొడుక్కుని వీధిలోకి వచ్చింది.

"ఏంటి ఇష్బెల్, క్రిస్మస్ తాతవయ్యావా?" అని అరిచాడు బేకరీ డంకన్.

"స్టూడెంట్‌ని! ఇకమీదట కాస్త మర్యాదగా పిలు."

అక్కడ మూడో ఏడాది విద్యార్థులు కొత్తగా చేరినవాళ్లను దత్తత తీసుకుని, అమ్మానాన్నల్లా మంచిచెడ్డలు చూడటం ఆనవాయితీ. ఇష్బెల్‌కి అమ్మగా కుదిరింది రోనా, గ్లాస్గో నుంచి కెమిస్ట్రీ చదవడానికొచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల.

"మీకేం కావాలన్నా నన్నడగండి," అంది రోనా బెరుగ్గా.

"కూతుర్ని ఎవరైనా మీరు అంటారా అమ్మా?"

రోనా ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వుతో బెరుకు వదిలింది. ఇష్బెల్ మొదటి వ్యాసం బాగాలేదని వెనక్కొచ్చినప్పుడు రోనా నిజంగానే తల్లిలా విరుచుకుపడింది.

"ఊళ్లో అందరికీ తెలిసిందే రాశాను కదే!" అంది ఇష్బెల్. "నావల్ల కాదు, మానేస్తా."

"అందరికీ తెలిస్తే చాలదు. ఎవరు చెప్పారో, ఎక్కడుందో చూపించాలి. మళ్లీ రాయి. అయ్యేదాకా నీకు టీ లేదు."

ఇష్బెల్ మళ్లీ రాసింది. ఈసారి నెగ్గింది.

మార్చిలో రోనా కనిపించడం మానేసింది. ఫోనెత్తలేదు. ఆదివారం అలవాటుగా విద్యార్థులందరూ ఎర్ర గౌన్లేసుకుని సముద్రపు గట్టు మీద నడిచేటప్పుడూ రాలేదు. ఇష్బెల్ పప్పు సూపు గిన్నె పట్టుకుని వానలోనే ఆమె గదికి వెళ్లింది.

"అమ్మా, తలుపు తియ్యి."

"వెళ్లిపో ఇష్బెల్."

"కన్నబిడ్డని వానలో నిలబెడతావా? చూసినవాళ్లేమనుకుంటారు?"

తలుపు తెరుచుకుంది. రోనా జుట్టు అట్టలు కట్టి ఉంది. ఇష్బెల్ ఆమెను సింకు దగ్గర కూర్చోబెట్టి గోరువెచ్చటి నీళ్లతో తల రుద్దసాగింది. కత్తెర పట్టకపోయినా ఆ వేళ్లకు తలంటడం బాగానే వచ్చు. కాసేపటికి రోనాకి ఏడుపొచ్చింది. ఒక పేపరు పోయింది. ఇంట్లో డిగ్రీదాకా వచ్చింది తనొక్కతే. నాన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చదువే వదిలేస్తుందట.

"నేను మానేస్తానన్న రోజు నువ్వేం చేశావ్?"

"టీ ఇవ్వలేదు."

"ఇవాళ సూపు లేదు. ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్యి."

రోనా ఫోన్ చేసి, పేపరు పోయిందని చెప్పేసింది.  అవతల నుంచి నాన్న గొంతు వినిపించింది: "నేను డ్రైవింగ్ పరీక్ష మూడుసార్లు తప్పాను తల్లీ. తిన్నావా లేదా?"

ఆగస్టులో రోనా ఆ పేపరు గట్టెక్కింది. మరుసటేడు పట్టా పుచ్చుకుని అబర్డీన్‌లో ఉద్యోగంలో చేరింది. ఇష్బెల్ తన నాలుగేళ్లూ పూర్తిచేసింది. పట్టా తీసుకున్న వారానికే ప్రొఫెసర్ పిలిచి, ఒకప్పుడు ఈ తీరంలో హెరింగు చేపలు శుభ్రం చేసి బతికిన ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తావా అని అడిగాడు.

"ఎప్పుడు మొదలెట్టమంటారు?" అంది ఇష్బెల్, కోటు విప్పి కుర్చీకి తగిలిస్తూ.