ముహర్రక్‌లో రుబ్బిన పల్లీలు

2022 ఫిబ్రవరిలో మా సంస్థ నన్ను విడుదల విభాగానికి సమన్వయకర్తగా వేసింది. అంతకుముందు ములాఖత్ విభాగంలో ఉండేదాన్ని. జైల్లో ఉన్న ఆడవాళ్లను వారం వారం కలవడం, ఇంటి కబుర్లు అందించడం, ఏదో ఒక చేతిపని నేర్పించడం అక్కడి పని. మాది మనామాలో చిన్న స్వచ్ఛంద సంస్థ. బహ్రెయిన్‌లో శిక్ష పూర్తి చేసుకుని ఆఫ్రికా దేశాలకు తిరిగి వెళ్లే ఆడవాళ్లు సొంత ఊళ్లో మళ్లీ నిలదొక్కుకునేలా చూడటం మా బాధ్యత. నేను బడి మెట్లెక్కి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన చదువే నాది. మావారి ఉద్యోగం వెంట ఇక్కడి అవాలి అనే ఊరికి వచ్చిన నన్ను ఆ చదువుతోనే అలాంటి కుర్చీలో కూర్చోబెట్టినందుకు, పొద్దున్నే దీపం దగ్గర దేవుడికి ఒక దణ్ణం ఎక్కువే పెట్టుకునేదాన్ని.

విడుదల విభాగంలో రాసిపెట్టుకున్న నియమాలు రెండే. ఏ కేసని అడగం, ఎవరికీ చెప్పం. చేతికి డబ్బివ్వం, పనిముట్టు ఇస్తాం. మూడోది ఎక్కడా రాసిలేదు కానీ అందరూ పాటించేవారు. విడుదలైన మనిషిని ఎస్కార్ట్ పోలీసులు నేరుగా విమానాశ్రయానికి తీసుకొస్తారు. హాల్లో ఓ మూల, నలుగురి కంటా పడకుండా మేం సామాన్ అప్పగించాలి. ఆ మనిషి పరువు కోసమే ఆ జాగ్రత్త.

నా చేతుల మీదుగా వెళ్లిన మొదటి మనిషి ఉగాండా అమ్మాయి నకాటో. ములాఖత్ రోజుల నుంచీ తెలుసు. ఒకసారి అనుమతి తీసుకుని మా ఇంటి టేబుల్ గ్రైండర్‌ను జైలు వంటశాల శిక్షణకు పట్టుకెళ్లాను, అందరికీ ఇడ్లీ పిండి రుబ్బి చూపిద్దామని. నకాటో నా ఇడ్లీ వంక కూడా చూడలేదు. వేయించిన పల్లీలు తెచ్చి అందులో పోసింది. వాళ్ల వైపు పల్లీల ముద్ద పడందే కూర కాదట. రోట్లో దంచీ దంచీ భుజాలు పడిపోతాయట. రాళ్ల కింద పల్లీలు నూనె వదిలి మెత్తగా జారుతుంటే నెత్తిన చేతులు పెట్టుకుని పకపకా నవ్వింది. వాళ్ల ఊళ్లో జైలు నుంచి వచ్చిన ఆడవాళ్ల కోసం మా జతసంస్థ ఒకటి పనిచేసేది. ఆ సంస్థ సంతలో చిన్న కొట్టు సంపాదించి, అందులో ఏం పెట్టాలా అని చూస్తోంది అప్పటికి. నకాటోకి ఏ పనిముట్టు కావాలో వేరే అడగనక్కర్లేకపోయింది. అలాంటి గ్రైండరే ఒకటి కొన్నాం.

కార్గోలో తర్వాత పంపిద్దాం అన్నారు మా మేనేజరు. నకాటో ఒప్పుకోలేదు.

"ఒట్టి చేతులతో దిగితే జైలు మనిషి వచ్చిందంటారు, మమ్మీ. ఇది పట్టుకుని దిగితే పల్లీల మనిషి వచ్చిందంటారు" అంది.

దాంతో ఆ గ్రైండర్ ఆమెతోపాటే విమానం ఎక్కి తీరాలని నిర్ణయమైపోయింది.

పెట్టె కట్టే పని మా వ్యాను డ్రైవర్ లింగన్న తీసుకున్నాడు. జగిత్యాల వైపు మనిషి. "మీరు ఊకోండ్రి మేడం. దుబాయి సామాన్ గట్టుడు మాకు జెప్పాల్నా?" అని నన్ను పక్కకు నెట్టినంత పనిచేశాడు. అట్టపెట్టెకు నైలాన్ తాడు అడ్డంగా, నిలువుగా, ఐమూలగా బిగించాడు. నాలుగు పక్కలా లావు మార్కరుతో పేరు, ఊరు రాశాడు. చేతి అలవాటు కొద్దీ తెలుగులోనే రాసేశాడు: నకాటో, కంపాలా.

ముహర్రక్ విమానాశ్రయంలో మా మూలకు నకాటోను ఇద్దరు మహిళా పోలీసులు తీసుకొచ్చారు. మెడలోని స్కార్ఫ్ గడ్డం దాకా లాక్కుని, తల వంచుకుని నిలబడింది. సామాను తనిఖీ యంత్రంలోకి పెట్టె వెళ్లింది. బెల్టు ఆగిపోయింది. తనిఖీ అధికారిణి తెర మీద చాలాసేపు చూసి, లోపల ఆ గుండ్రటివి ఏమిటని నన్నడిగింది. నిజమే చెప్పాలనుకునే మనిషిని కదా, రాళ్లు అని చెప్పాను.

జైలు నుంచి వెళ్తున్న మనిషి రాళ్లెందుకు తీసుకెళ్తోందని ఆమె అడిగింది. పప్పు రుబ్బడానికి అన్నాను. ఆమె పోలీసుల వంక చూసింది, వాళ్లు నా వంక చూశారు. పెట్టె విప్పాల్సిందే అన్నారు.

లింగన్న ముడులు విప్పడానికి కూర్చున్నాడు. చేతి గోళ్లతో లాగాడు, తాళంచెవితో పొడిచాడు, చెమటలు కక్కాడు. విమానాశ్రయంలో కత్తి ఎవరిస్తారు? చివరికి తలెత్తి, "మేడం, నేను గట్టిన ముడి నాకే ఊడొస్తలేదు" అన్నాడు. అది అరబ్బీలోకి మార్చి చెప్పబోయి నాకే నవ్వు ఆగలేదు. ఆ నవ్వు అధికారిణికి అంటుకుంది.

పక్కనే హైదరాబాద్ విమానం క్యూ. నడి వయసు మనిషి ఒకాయన తన బండిని వదిలేసి వచ్చాడు. పేరు పోశెట్టి, మామీర్‌లో కూలీల క్యాంపులో ఉంటాడు, సెలవు మీద ఇంటికి పోతున్నాడు.

"జరుగవయ్యా. ముడి గిట్లనే ఏస్తరా? ఇప్పెటోనికి గూడ పానముంటదని యాదుండొద్దా?"

"నీ అసుంటోడు ఇప్పొద్దనే గట్టిన" అన్నాడు లింగన్న ఉక్రోషంగా.

పోశెట్టి పళ్లతో ఒక కొస పట్టి లాగాడు. తాడు వదులైంది. అంతలో పోలీసులు కనిపించారాయనకు. ఈ బిడ్డ ఎవరని నన్నడిగాడు. నేను నియమం గుర్తొచ్చి, ఏదో సంస్థ పని అని గొణిగాను. ఆయన నన్నొదిలేసి నకాటోనే అడిగాడు, "క్యా హువా, బెహన్?" అని.

నకాటో స్కార్ఫ్ కిందికి దించింది. "జైల్. ఖలాస్. ఘర్" అంది. జైలు, అయిపోయింది, ఇల్లు.

క్యూలో తలలన్నీ మావైపు తిరిగాయి. నాలుగేళ్లుగా మా సంస్థ దాచుకుంటూ వచ్చిన మాట అది.

"ఖలాస్ గదా!" అన్నాడు పోశెట్టి. "మరి ఇంటికి వొయ్యే మనిషిని గా మూలకు నిలవెడ్తరా మేడం? నేను గూడ ఒకపారి ఔట్‌పాస్ మీద పోయినోన్నే. మొకం దాసుకుని పోయిన, పది దినాలు బయటికెల్లలే. యల్లా భాయ్, పల్లీలు ఎవరి తాన ఉన్నయి?" పాస్‌పోర్టు లేనివాడిని ఇంటికి పంపించే కాగితం ఔట్‌పాస్. ఆ క్యూలో దాని గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఉప్పు పల్లీల పొట్లాలు మూడు నాలుగు బయటికొచ్చాయి. అదేం చేస్తుందో చూపించమని అధికారిణి తనే అంది. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకునేచోట గ్రైండర్ పెట్టారు. మీట నొక్కగానే హాలంతా గర్రుమంది. రాళ్లు తిరగడం మొదలుపెట్టేసరికి ఒక పల్లీ గింజ ఎగిరి సరిగ్గా అధికారిణి భుజం మీది నక్షత్రానికి తగిలింది. అందరం బిగుసుకుపోయాం. ఆమె ఆ గింజ తీసి నోట్లో వేసుకుంది. అంతే, క్యూ మొత్తం గొల్లుమంది.

నకాటో మారిపోయింది. మీదికి రావొద్దని మగవాళ్లను అరబ్బీలో గదమాయించింది. లింగన్న చేత కాగితం దొప్ప పట్టించింది, పోశెట్టిని పొట్లాలు చింపమంది. విమానం పిలుపు వినబడుతున్నా, ముద్ద నూనె వదిలితే గానీ ఆపనని మొండికేసింది. నేను లోలోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను, పైకి నవ్వుతూనే ఉన్నాను. చివరికి బిస్కెట్ మీద మొదటి ముద్ద అధికారిణికి అందింది. ఆమె రుచి చూసి, ఉప్పెక్కువైందని తీర్పు చెప్పి, పెట్టె మీద ముద్ర వేయించింది.

మళ్లీ కట్టడానికి లింగన్న తాడు అందుకోబోతే పదిమంది లాగేసుకున్నారు. నిమిషంలో పెట్టె తయారైంది. నకాటో ఈసారి హాలు మధ్యలోంచి నడిచింది, మెడ నిటారుగా, చేతులకింకా పల్లీ ముద్దతో. వెనక నుంచి "పైలం బిడ్డా!" అని కేకలు. పోలీసుల్లో ఒకామె కూడా చెయ్యి ఊపింది.

కొన్ని నెలలకు ఫోటో వచ్చింది. సంతలో కొట్టు, గ్రైండర్ ముందు నకాటో, పక్కన ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. కొట్టు పైన బోర్డుగా మా అట్టపెట్టె ముక్క వేలాడుతోంది: నకాటో, కంపాలా. చదవగలిగిన వాళ్లు ఆ సంతలో ఒక్కరూ ఉండరు. ఆమె మాత్రం అది తన కంపెనీ గుర్తు అని అందరికీ చెబుతోందట. లింగన్న ఆ ఫోటో ప్రతి సిగ్నలు దగ్గరా ఎవరో ఒకరికి చూపించేవాడు.

ఆ తర్వాత మా విడుదల పద్ధతిలో రెండు మార్పులు చేయించాను. పనిముట్టు ఏమిటో, ఎందుకో ఆ మనిషే ఎస్కార్ట్ అధికారికి ముందురోజు చేసి చూపించాలి. విమానాశ్రయంలో ఆమె మూలన కాక, అందరితోపాటు క్యూలో నిలబడేలా అనుమతి కోరాలి. పరువు కాపాడుతున్నామనుకుని మనిషిని దాచేసరికి, ఆమెకు సాయం చేయగలవాళ్లను కూడా మేమే దూరం పెట్టాం. నేను పదవీ విరమణ చేసేదాకా రెండో అనుమతి కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. ప్రతిసారీ అడిగాం.