మెచ్చుకోవడం రాని మా తమ్ముడు

మా తమ్ముడు గ్లెన్ ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే పనివాడు. బడి మానేసిన ఏడాదే కత్తి పట్టాడు, ఇప్పటికీ దింపలేదు. హాడక్ చేప వాడి చేతికి చిక్కిందంటే కన్ను మూసి తెరిచేలోగా ముల్లు ఒక పక్క, కండ ఒక పక్క. మంచివాడు. తాగొచ్చి పెళ్లాన్ని తిట్టినవాడు కాదు, పని ఎగ్గొట్టినవాడు కాదు. వాడికున్న జబ్బల్లా ఒక్కటే. తనవాళ్ల గురించి నోరారా ఒక మంచి మాట చెప్పలేడు.

ఆ జబ్బు వాడొక్కడిదే అంటే అబద్ధమవుతుంది. అది మా ఊరందరిదీ. సొంత పిల్లల్ని పొగుడుకునేవాళ్లని చూస్తే మాకు ఒళ్లు జలదరిస్తుంది. కొత్త కారు కొని, దాని మాట నేను బీరు పోసే క్లబ్బులో రెండోసారి ఎత్తిన పాపానికి బారీని ఇప్పటికీ ‘ప్రభువులవారు’ అనే పిలుస్తాం. పాపం ఆ కారు ఎప్పుడో తుక్కు కింద పోయింది, పేరు మాత్రం పోలేదు. మా దగ్గర ఎవరైనా తనవాళ్లని వెటకారం చేస్తున్నాడంటే లోపల పొంగిపోతున్నాడని అర్థం. ఎంత వెటకారమైతే అంత పొంగు.

గ్లెన్ తన పెళ్లి విందులో గ్లాసు పట్టుకుని లేచి, “జనీన్‌ని చేసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు, దారిన పోతున్న నేను దొరికిపోయాను” అన్నాడు. జనీన్ సంతోషంతో కళ్లు తుడుచుకుంది. కూతురు ఫ్రేయా పుట్టిన రోజు ఆసుపత్రి నుంచి తిన్నగా క్లబ్బుకొచ్చాడు. పాప ఎలా ఉందిరా అని నేను కౌంటర్ వెనక నుంచి అడిగితే, అచ్చం హాడక్ చేపలా నోరు తెరుచుకుని చూస్తోందనీ, వెనక్కి తీసుకోమంటే నర్సులు ఒప్పుకోలేదనీ చెప్పాడు. ఆ పూట వాణ్ణి ఎవరూ బీరు కొననివ్వలేదు. వాడు ఎంత మురిసిపోతున్నాడో అందరికీ తెలిసింది మరి.

ఆ పిల్ల పెరిగి పెద్దదై మా ఊరి మామూలు సర్కారు బడిలో చదువుకుంది. పదహారో ఏట పరీక్షల్లో అన్నిట్లోనూ అన్నిటికంటే పై గ్రేడు తెచ్చుకుంది. గ్లెన్ ఏమన్నాడు? ఎవరివో పేపర్లు పొరపాటున దీని పేరు మీద పడ్డాయి, వాళ్లు కనిపెట్టేలోపు పండగ చేసుకుందాం అన్నాడు. ఆ వారమంతా రేవులో ఎదురుపడ్డ ప్రతివాడికీ ఆ మాటే చెప్పాడు. చేపలు కొనుక్కోవడానికి హల్ పట్నం నుంచి వచ్చిన ముక్కూ మొహం తెలియని వాడిక్కూడా చెప్పాడు.

మా మేనకోడలని చెప్పుకోవడం కాదు గానీ (చూశారా, నాకూ నోరు పెగలడం లేదు), ఫ్రేయా బంగారం లాంటి పిల్ల. చిన్నప్పటి నుంచి దానికి సముద్రం పిచ్చి. మేమంతా సముద్రం మీద బతికేవాళ్లమే కానీ, దాని అడుగున ఏముందని ఎవరం అడగలేదు. అది అడిగింది. సైన్సు చెప్పే మిస్ ప్రెంటిస్ ఆ పిల్లని చేరదీసింది. మా బళ్ల లాంటి బళ్లలో చదివేవాళ్లని ఎంచి, ఏడాది పాటు తర్ఫీదు ఇచ్చి, అమెరికాలో చదువుకి పంపే సంస్థ ఒకటుందట. అక్కడ చోటు దొరికితే చదువు, తిండి, విమానం, ఖర్చంతా ఆ యూనివర్సిటీదే. మా బడి నుంచి అంతవరకూ ఎవరూ వెళ్లలేదు. ఫ్రేయా పరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూ గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే. పిల్లతో పాటు ఇంట్లోవాళ్లు కూడా వచ్చి ఆ సంస్థ వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. అదీ శనివారం, లింకన్‌లో ఒక హోటల్లో. ఏడాదికి ఒకసారే ఎంపిక, పిల్ల వయసుకి ఇదొక్కటే అవకాశం. ఈ సంగతి మా అందరికీ తెలుసు. గ్లెన్‌కి మరీ తెలుసు.

ఆ రోజు జనీన్‌కి వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీ పడింది. తోడు రమ్మని గ్లెన్ నన్ను అడిగాడు. మా నాన్న అంత్యక్రియలకి కొన్న సూటు వేసుకున్నాడు. చేతుల వాసన పోవాలని పొద్దున్నే నిమ్మకాయతో తోముకున్నాడట. కారులో మూడుసార్లు చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకోవడం నేను గమనించాను.

హోటల్ హాల్లో బల్లలు వేసి ఉన్నాయి, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కుటుంబం. మా పక్క బల్ల దగ్గర షెఫీల్డ్ నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్లబ్బాయి. ఆవిడ మొహమాటం లేకుండా మొదలెట్టింది. మా వాడు లెక్కల్లో దిట్ట, మా వాడు బడిలో మొదటివాడు, వీడి లాంటివాడు మీకు మళ్లీ దొరకడు. ఆ మాటలు వింటుంటే మా ఇద్దరికీ తలలు వాలిపోయాయి. గ్లెన్ నా వైపు వంగి, పాపం ఆ పిల్లాడు మొహం ఎక్కడ పెట్టుకోవాలి అక్కా అన్నాడు. ఆవిడ తరఫున సిగ్గుపడ్డాం మేం. మా తెలివి అలా ఏడిచింది.

మా బల్ల దగ్గరికొచ్చినావిడ పేరు మిస్ లూమిస్, అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చిన ఆ సంస్థ మనిషి. ఎంతో మర్యాదగా నవ్వుతూ కూర్చుంది. ఫ్రేయాతో ముందే అన్నీ మాట్లాడేశాననీ, ఇప్పుడు నాన్నగారి నోట వినాలని ఉందనీ చెప్పింది.

“మీ అమ్మాయిలో మీకు గొప్పగా అనిపించేది ఏమిటండీ?”

“గొప్పా?” అన్నాడు గ్లెన్. “రొట్టె ముక్క మాడకుండా కాల్చడం కూడా రాదండీ దీనికి.”

ఫ్రేయా నవ్వింది. నేనూ నవ్వాను. మిస్ లూమిస్ నవ్వలేదు. తల ఊపి ఏదో రాసుకుంది. ఇల్లు వదిలి అంత దూరంలో అమ్మాయి నెగ్గుకు రాగలదని మీకు నమ్మకం ఉందా అని అడిగింది. పదిహేను రోజులు ఆగండి, అమ్మా అంటూ ఏడుచుకుంటూ వచ్చేస్తుంది అన్నాడు వీడు. నేను బల్ల కింద వాడి కాలు తన్నాను. వాడేమో అక్క మెచ్చుకుంటోంది అనుకున్నాడు, ఇంకాస్త ఊపందుకున్నాడు. అది వెళ్లిపోతే దాని గదిలో గాలాలూ వలలూ పెట్టుకుంటానన్నాడు. చదువెక్కువై ఇప్పటికే ఇంట్లో మాట వినడం లేదన్నాడు. ఒక్కో మాటకీ ఆవిడ మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది, కలం మాత్రం ఆగలేదు. చివరికి కలం పక్కన పెట్టి, చాలా మెల్లగా అడిగింది.

“అసలు అమ్మాయి వెళ్లడం మీకు ఇష్టమేనా?”

ఆ ప్రశ్నకి జవాబుగా ఒక్క ‘అవును’ అంటే సరిపోయేది. ఒక్క మాట. గ్లెన్ భుజాలెగరేసి, “పీడ వదిలిపోతుంది కదండీ” అన్నాడు.

నేను ఫ్రేయా వైపు చూశాను. అది అప్పటికి నవ్వడం మానేసింది.

తిరుగుదారిలో గ్లెన్ ఉత్సాహంగా ఉన్నాడు. డాబులు కొట్టుకోకుండా మర్యాదగా నడుచుకున్నాం, ఆ షెఫీల్డావిడలా కాదు అన్నాడు. పిల్ల ముందు నేనేం అంటాను? అది వెనక సీట్లో కిటికీకి తల ఆనించి కూర్చుంది.

మరుసటి వారం మిస్ ప్రెంటిస్ స్వయంగా గ్లెన్ ఇంటికొచ్చింది, నేనూ అక్కడే ఉన్నాను. టీ ఇస్తే ముట్టుకోలేదు. ఫ్రేయాని తీసుకోవడం లేదని చెప్పింది. పిల్ల మీద వాళ్లకి ఏ అనుమానమూ లేదట. ఇంట్లోవాళ్లకి పిల్ల మీద నమ్మకం లేదనీ, తండ్రికి పంపడం ఇష్టం లేదనీ, అలాంటి ఇంటి నుంచి వెళ్లిన పిల్లలు మధ్యలో తిరిగొచ్చేస్తుంటారనీ అన్నారట. షెఫీల్డ్ కుర్రాడికి చోటొచ్చింది.

గ్లెన్ మొహం తెల్లగా పాలిపోయింది. “అవన్నీ సరదాకి అన్నవండీ” అన్నాడు.

“నాకు తెలుసు గ్లెన్ గారూ. నేనూ ఈ ఊళ్లో పుట్టినదాన్నే” అంది మిస్ ప్రెంటిస్. “ఫోన్లో గంటసేపు అదే చెప్పాను. కన్న తండ్రి కూతురి గురించి అలా ఎందుకు సరదా చేస్తాడని అడిగారు. దానికి నేనేం చెప్పాలి?”

 జనీన్ మొగుడి వైపు చూసిన చూపు చూడాలి. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి అలా చూడగా నేను చూడలేదు.

గ్లెన్ మర్నాడు పనికి సెలవు పెట్టాడు. అమెరికావిడకి ఫోన్ చేసి అంతా చెప్పేస్తానని మా ఇంటికొచ్చాడు. నా కూతురు చాలా తెలివైనది, దానికి అక్కడ చోటు దక్కాలి, ఈ రెండు ముక్కలు చాలని నేను చెప్పాను. చిన్నపిల్లాడి చేత పాఠం చెప్పించినట్టు పదేపదే అనిపించాను. ప్రతిసారీ ‘చాలా’ దగ్గర వాడి గొంతులో వెలక్కాయ అడ్డం పడేది. ఫోన్ కలిసింది. ఆవిడ ఎంతో ఓపిగ్గా వింది. మా వాడు చెమటలు కక్కుతూ చివరికి బయటపెట్టింది ఇదీ: “అదేం చెడ్డది కాదండీ. పనికిరానిదేం కాదు.”

ఫోన్ లాక్కుని నేను మాట్లాడాను. అప్పటికే జాబితా ఖాయమైపోయిందనీ, చాలా విచారిస్తున్నాననీ ఆవిడ చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అంటే చెప్పలేను. గ్లెన్ నా వంటింటి కుర్చీలో కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు. వాణ్ణి తిట్టాలనుకున్నదాన్ని టీ పెట్టి ఇచ్చాను.

ఇంట్లో ఫ్రేయా అలగలేదు, అరవలేదు. అదే వాణ్ణి చంపుకుతింది. పొద్దున్నే బడికి, సాయంత్రం పుస్తకాలకి, ఆదివారం మధ్యాహ్నాలు మా క్లబ్బులో గ్లాసులు ఏరే పనికి. నాన్న పలకరిస్తే మర్యాదగా జవాబు చెప్పేది, పరాయి వాళ్లకి చెప్పినట్టు.

ఇక ఆ ఆదివారం. క్లబ్బులో బింగో నడుస్తోంది. నంబర్లు చదివే నోరిస్ ఒక ఆట ముగించి గొంతు తడుపుకోవడానికి ఆగాడు. గ్లెన్ లేచి వెళ్లి మైకు తీసుకున్నాడు. తాగి ఉన్నాడేమో అనుకున్నాను, కానీ వాడి గ్లాసు నిండుగానే ఉంది.

“మా అమ్మాయి ఫ్రేయా గురించి ఒక మాట చెప్పాలి” అన్నాడు. “ఈ ఊళ్లో దాని అంత తెలివైన పిల్ల లేదు. దాని తండ్రినని చెప్పుకోవడం నాకు చాలా గర్వం.”

 ముందుగా బారీ పడీ పడీ నవ్వాడు. వాడి వెనకాల హాలంతా. బల్లలు చరిచారు. ఇంతకంటే వెటకారం ఇంకెవడూ చేయలేడురా అని ఎవడో అరిచాడు. గ్లెన్ చెయ్యెత్తి, నిజంగానే అంటున్నాను, ఒట్టు అన్నాడు. నవ్వు రెండింతలైంది. నోరిస్ కళ్లు తుడుచుకుంటూ వాడి వీపు తట్టాడు.

నేను కౌంటర్ వెనక నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లని తప్పుపట్టలేను. గ్లెన్ అన్న మాటలకి ఆ నవ్వే నవ్వడం నేర్చుకున్నాం అందరం, నాతో సహా.

ఫ్రేయా ఖాళీ గ్లాసులు గుండెలకి ఆనించుకుని బల్లల మధ్య నిలబడిపోయింది. గ్లెన్ మైకు వదిలి, ఆ నవ్వుల మధ్య నుంచే దాని దగ్గరికి నడిచాడు. నా కౌంటర్‌కి రెండడుగుల దూరం, అంతా వినబడింది.

“ఇది కూడా సరదాకేనా నాన్నా?” అని అడిగింది.

“కాదమ్మా. కాదు.”

అది చాలాసేపు వాడి మొహంలోకి చూసింది. నమ్మింది. నమ్మినట్టు నాకు తెలిసింది, ఎందుకంటే అప్పుడే దాని కళ్లు నిండాయి.

“అయితే ఇంత తేలిగ్గా వచ్చే మాట, అక్కడ ఎందుకు రాలేదు?” అంది.

 గ్లెన్ తల దించుకుని, కూతురి చేతుల్లోని గ్లాసులు తీసుకుని నా కౌంటర్ మీద ఒక్కొక్కటే పెట్టసాగాడు. వెనకాల బల్లల దగ్గర ఇంకా నవ్వుతూనే ఉన్నారు.