మా మావయ్య కారు కింద పోలేదు

మా మేనమామ పోయిన నెల చనిపోయారు. ఆదివారం పొద్దున్న అత్త ఫోన్ చేసి, "ఒసే, మీ మావయ్య ఇంక లేరే" అంది. శృంగవరపుకోట నుంచి నాన్నని వెంటబెట్టుకుని నేను నరసన్నపేటలో బస్సు దిగేసరికి, మాకన్నా ముందే ఒక అబద్ధం ఊరంతా తిరిగొచ్చేసింది. టీ కొట్టు దగ్గర ఒకాయన పక్కాయనతో అంటున్నాడు: "ఇనప కొట్టాయన ఇంక లేడంట. కారు కింద దూరి నలిగిపోనాడంట."

నేను అక్కడే ఆగి, కాదని గట్టిగా చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మా మావయ్య కారు కింద పోలేదు. ఇంజన్ ఆయిల్ మార్చడానికి పెరట్లో పాత కారు ముందు భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టారు. కింద బోల్టు విప్పి, పాత ఆయిల్ పళ్లెంలోకి కారుతుంటే బయటికొచ్చారు. చేతులు కడుక్కుని, అరుగు మీద కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుండగా గుండె ఆగింది. కారు అంగుళం కదల్లేదు.

అయినా లోకానికి కారే కావాలి. కాఫీ తాగుతూ పోయాడంటే చెప్పుకోడానికి ఏముంటుంది?

నాకెందుకంత మండిందో చెప్పాలంటే నాన్న ఎడమ చెయ్యి సంగతి చెప్పాలి. మా వైపు ఎవరైనా బండిని జాకీ మీద ఎత్తితే చాలు, వీధిలో నలుగురు పరిగెత్తుకొస్తారు. తలో చెయ్యీ వేసి, "మేం పట్టుకుంటాం, నువ్వు దూరు" అంటారు. సాయం చెయ్యకుండా ఉండలేని మనుషులం. నేను పుట్టక ముందు ఒక రోజు ఆ మాట అన్నది మావయ్యే. తన ఇనప కొట్టు వ్యానుని జాకీ మీద లేపి, దన్నుగా రెండు సిమెంటు ఇటుకలు పెట్టి, "నేను పట్టుకున్నాను గదా బావా, దూరు" అన్నారట. నాన్న దూరారు. జాకీ ఒరిగింది, ఇటుకలు పిండయ్యాయి. వ్యానుని మనిషి చెయ్యి ఆపుతుందా? నాన్న బతికారు గానీ ఆ ఎడమ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. నాన్న ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే మావయ్యకి కొంత తేలికయ్యేదేమో.

ఆ తర్వాత తెచ్చుకున్నవే స్టాండ్లు. చూడనివాళ్ల కోసం చెబుతాను: నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడే పొట్టి ఇనప సామాను. కావలసిన ఎత్తులో అడ్డంగా పిన్ను దూరిస్తే ఇక కిందికి జారదు. జాకీతో ఎత్తాక బరువుని నెమ్మదిగా దాని మీదికి దించాలి. "జాకీ లేపడానికే. మొయ్యడానికి కాదు" అని, కొట్లో జాకీ అడిగిన ప్రతివాడికీ మావయ్య చెప్పేవారు. స్టాండ్లు కూడా అంటగట్టడానికే ఈ కబుర్లని కొందరు నవ్వేవాళ్లు. "అయితే కొనకు. నాయి పట్టుకుపో. పనయ్యాక నువ్వే తెచ్చియ్యాల, మీవోళ్లు కాదు" అనేవారు.

నేను కాలేజీలో చేరిన ఏడు, కారు పని నేర్పమని అడిగాను. పక్కింటాయన గోడ మీంచి చూసి, "ఆడపిల్లకి ఇదేటి పనండీ?" అన్నాడు. మావయ్య తల కూడా తిప్పలేదు. "కారుకి ఆడా మగా తెలీదు. మీద పడితే ఇద్దర్నీ ఒకేలా నలిపేస్తాది" అన్నారు.

ఆ పెరట్లో మట్టి వానకి మెత్తబడుతుందని, స్టాండు కాళ్లు దిగబడతాయని, కారు పట్టేంత మేర సిమెంటు చేయించారు. మేస్త్రి వెళ్లాక రసమట్టం పెట్టి, నేల వాలుగా లేదని మళ్లీ తనే చూసుకున్నారట. నేను మొదటిసారి జాకీ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"వెనక చక్రాలకి చెక్కలెట్టావేటి?"

"హేండ్ బ్రేకు వేశాను గదా మావయ్యా."

"బ్రేకు నీకు సుట్టమేటి? చెక్కలెట్టు."

పెట్టాను. స్టాండు ఎక్కడ పడితే అక్కడ కాదు, కంపెనీవాళ్లు చూపించిన గట్టి చోటే తగలాలని వంగి చూపించారు. బరువు స్టాండ్ల మీదికి దిగాక, భుజం ఆనించి కారుని గట్టిగా తోశారు. నేను భయపడ్డాను. "పడితే ఇప్పుడే పడాల, మనం బయటున్నప్పుడే" అన్నారు. ఆ మీదట, ఒకవేళ పడినా దాని మీద ఆగుతుందని, స్టెప్నీని కూడా కారు పక్క కిందికి తోశాకే గోనెసంచి పరవనిచ్చారు. నాకు ఈ చాదస్తం విసుగనిపించేది. ఆ విసుగుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

పని మధ్యలో ఎవరైనా సాయంగా కారు మీద చెయ్యి వేస్తే మావయ్య బయటికొచ్చేసేవారు. "నువ్వు పట్టుకుంటే నేను దూరను" అని, వాళ్లు వెళ్లేదాకా కాఫీ తాగుతూ కూర్చునేవారు. నాన్న వస్తున్నారని తెలిస్తే మాత్రం సగం పనిలోనైనా సరే కారుని కిందికి దించేసేవారు. నాన్న కూడా పెరటివైపు వచ్చేవారు కాదు. వాళ్లిద్దరూ ముందు వరండాలో పంటల గురించి, పెళ్లిళ్ల గురించి మాట్లాడుకునేవారు.

పదో రోజుకి పెరట్లో టెంటు వెయ్యాలి. కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది. బోల్టు లేదు, ఆయిల్ లేదు. చుట్టాల్లో ఒక పెద్దాయన తేల్చేశాడు: "ఆయన్ని తినేసిన కారిది. పాతినప సామానోడికి ఇచ్చేయండి. ఆ స్టాండ్లు కూడా."

గదిలోంచి అత్త గొంతు వినిపించింది. "కారు ఎవర్నీ తిన్లేదు. ఆయన పెట్టింది పెట్టినట్టే ఉన్నాది."

బోల్టు బిగించి ఆయిల్ పోస్తే కారుని నడిపి బయటికి తియ్యొచ్చని, నేను పానా, బోల్టు తీసుకుని వెళ్లాను. చెక్కలు చూశాను, పిన్నులు చూశాను, భుజం పెట్టి తోసి చూశాను. "దూరకే, సస్తావు" అని పెద్దాయన అరిచాడు. ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చి కారు మీద చేతులు వేశారు. "మేం పట్టుకుంటామమ్మా."

"చేతులు తియ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు నాన్న వచ్చారు. కండువా తీసి అరుగు మీద పెట్టి, నా చేతిలోంచి పానా, బోల్టు తీసుకున్నారు.

"నాన్నా, నువ్వొద్దు."

"తప్పుకో."

"ఒకపాలి మీద పడింది సాల్లేదేటి నీకు?" అన్నాడు పెద్దాయన.

"అది ఇటికల మీద పెట్టింది. ఇది మా బావమరిది నిలబెట్టింది. పడదు."

నాన్న గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని, కుడిచేత్తో నేలని నెట్టుకుంటూ కిందికి వెళ్లిపోయారు. కారు మీది చేతులు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. బోల్టు బిగుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. బయటికి కనిపిస్తున్నవి నాన్న పాదాలు మాత్రమే. కాసేపటికి ఆయన ఒక పాదం మీద రెండోది వేసుకున్నారు, మధ్యాహ్నం భోంచేసి మంచం మీద నడుం వాల్చినప్పుడు వేసుకున్నట్టే.