ఇతరములు

మనిషి పోయాక గుండె ఆగక ఏం చేస్తుంది? జనన మరణాల కౌంటర్లో కూర్చునే ఆవిడ ఇరవై ఆరేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఆస్పత్రి నుంచి వచ్చే కాగితాల్లో మరణకారణం దగ్గర 'గుండె ఆగిపోవుట' అని రాసి ఉంటుంది. బస్సు కింద పడ్డవాడికీ అదే, తొంభై ఏళ్లకు నిద్రలో పోయిన ముసలమ్మకూ అదే, నలభై మూడేళ్లకే దగ్గి దగ్గి పోయిన రాళ్ల మిల్లు మనిషికీ అదే. ఆఫీసులో ఆవిడను చిత్రగుప్తమ్మ అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. రాను రాను ఫోనెత్తి, "ఆఁ, చిత్రగుప్తమ్మనే, చెప్పండి" అనడం అలవాటైపోయింది.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. కోసిన రాయిని నునుపు చేసే మిల్లులో ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి. "అప్పుడే ముసలాడివి అయిపోయావట్రా" అని ఏడిపించేది. ఏడాదిగా ఆ మాట అనడం మానేసింది. ఒక అంతస్తు మెట్లెక్కితే చాలు, మళ్లీ మాట పెగలడానికి వాడికి ఐదు నిమిషాలు పడుతోంది. మిల్లు డాక్టరు జలుబుకు మందిచ్చి పంపుతున్నాడు. ఒంటరిగా వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంటే ఆ సంగతి యజమాని చెవిన పడుతుందనీ, మర్నాటి నుంచి పని ఉండదనీ తమ్ముడి భయం.

"గవర్నమెంటు ఎక్స్‌రే బండి వీధికొస్తే అందరితో పాటు నేనూ ఎక్కుతానక్కా. అప్పుడు వాడు ఎంతమందిని తీసేస్తాడు?" అనేవాడు.

ఆ బండి ఏ వార్డులకు వెళ్లాలో నిర్ణయించేది గణాంకాల శాఖ. ఆ శాఖ అధికారి, అందరూ గ్రాఫుల సారు అనే మనిషి, ఒక సోమవారం హాల్లో పెద్ద పటం తగిలించాడు. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి ఒక నీలం గీత జారుతోంది.

"డెబ్బై ఏళ్ల లోపు చావులు ముప్పై ఏళ్లలో సగానికి సగం తగ్గాయి" అన్నాడు, తనే దగ్గరుండి తగ్గించినట్టు.

"మా వీధిలో తగ్గలేదు సార్" అంది చిత్రగుప్తమ్మ.

"అలా మీకు అనిపిస్తుందమ్మా. మీ వార్డు గీత కూడా దిగుతోంది, చూడండి."

"వార్డులో సగం మంది ఆఫీసులకు పోయేవాళ్లు. వాళ్లు బతికితే గీత దిగదా? మిల్లువాళ్లను విడిగా తీసి చూడండి."

"తీస్తాను. వాళ్లు మిల్లువాళ్లు అని రికార్డులో ఉండాలిగా. చూపించండి. నెలాఖరుకు బండి లిస్టు మూసేస్తున్నాం."

ఇంతేనా అనుకుంది. రికార్డులన్నీ తన బీరువాలోనే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా విప్పకుండా పాత రిజిస్టర్లు తీసి, తమ వీధి చిరునామాలున్న పేజీలకు చీటీలు పెట్టుకుంటూ పోయింది. నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. నలభై ఏడు. అన్నీ యాభై లోపు వయసులే. తర్వాత వృత్తి గడి చూసింది. ఇతరములు. పేజీ తిప్పింది. ఇతరములు. ఎక్కడ తిప్పినా ఇతరములే, ఆ గుండ్రటి దస్తూరీ తనదే.

ఎందుకు అలా రాసిందో ఆవిడకు బాగా గుర్తుంది. ఫారం వెనక తొమ్మిది వృత్తులు అచ్చువేసి ఉంటాయి. రాళ్ల మిల్లు వాటిలో లేదు. పదోది 'ఇతరములు, వివరించవలెను'. కౌంటరు బయట జనం బారులు తీరి ఉంటే ఆ వివరించేది ఎవరు? వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు, తను తలూపేది, చెయ్యి మాత్రం ఇతరములు అని రాసి ముందుకు పోయేది. ఒక్క కాగితమూ మిగలని కౌంటరని ఆవిడకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకుంది.

తప్పు దిద్దాలంటే పోయినవాళ్ల కుటుంబం దరఖాస్తు పెట్టుకోవాలి. మృతుడితో కలిసి పనిచేసినవాళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు చేయాలి. ఆవిడ పది రోజులు సెలవు పెట్టి, కాలికి బలపం కట్టుకుని వీధంతా తిరిగింది. మూడో ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపకుండానే అంది:

"రాళ్ల మిల్లని ఆ రోజే చెప్పాను కదమ్మా. రెండుసార్లు చెప్పాను. మీరు రాసుకుంటున్నారనే అనుకున్నాను."

చిత్రగుప్తమ్మ దరఖాస్తు ఫారం ఆ గుడ్డల మీదే పెట్టి, సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించింది.

పదిహేడు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. ఇక సాక్షులు. మిల్లులో పక్క మిషను మీద ఎవరు చేసేవారని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒక పేరు చెప్పారు. ఆ పేరు పట్టుకుని వెళ్తే అక్కడా గోడ మీద ఫొటోయే. కలిసి పనిచేసినవాళ్లు కలిసే పోయారు. పాతవాళ్లందరినీ ఎరిగుండి, ఇంకా తిరుగుతున్నవాడు ఒక్కడే మిగిలాడు. తమ్ముడు మంచం మీద కూర్చుని, మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగుతూ, పదిహేడు కాగితాల మీదా సంతకం చేశాడు.

"రెండోవాడు ఎక్కడ దొరుకుతాడక్కా?"

రెండో సాక్షిగా తనే సంతకం పెట్టింది. 'ఎలా తెలియును' అన్న చోట, 'ఆ రోజు వాళ్ల ఇంటివాళ్లు చెప్పారు, నేను రాయలేదు' అని పదిహేడుసార్లు రాసింది. చెయ్యి నొప్పెట్టింది. అన్నేళ్లు రెండక్షరాలు రాయడానికి బద్ధకించిన చేతికి ఆ మాత్రం కావాల్సిందేలే అనుకుంది.

గ్రాఫుల సారు కాగితాలు తిరగేసి నిట్టూర్చాడు. "మీరు మిల్లులో పనిచేయలేదు కదమ్మా, ఈ సాక్ష్యం చెల్లదు. పైగా ఇది మీ మెడకే చుట్టుకుంటుంది. నేను పైకి పంపక తప్పదు."

"పంపండి."

కాగితాలు పైకి వెళ్లాయి. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. నెలాఖరు రోజు పొద్దున్నే ఆవిడ పేరిట ఒక మెమో వచ్చింది. ఆఫీసంతా చుట్టూ మూగి అయ్యో అంది. ఆవిడ నిలబడే చదువుకుంది. 'రాళ్ల మిల్లు కార్మికులైన పదిహేడు మంది మృతుల వృత్తిని ఇతరములుగా నమోదు చేసి, విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం వహించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో వారం రోజుల్లో తెలుపవలెను.' కింద డైరెక్టరు సంతకం, గుండ్రటి ముద్ర.

రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే ఆవిడకు నవ్వొచ్చింది. షాకు తగిలి మతి పోయిందేమోనని అటెండరు పరుగున మంచినీళ్లు తెచ్చాడు. నీళ్లు తాగి, మెమో పట్టుకుని తిన్నగా గ్రాఫుల సారు గదిలోకి వెళ్లింది.

"రెండో సాక్షి కావాలన్నారు కదా సార్. తెచ్చాను."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది మీ మెమో కదమ్మా."

"మొదటి లైను చదవండి. రాళ్ల మిల్లు కార్మికులైన పదిహేడు మంది మృతులు. నేనన్నది కాదు, మీ డైరెక్టరు గారన్నది. ముద్ర కూడా ఉంది. వాళ్లు మిల్లువాళ్లు కాదంటారా, అయితే నా తప్పేం లేదు, మెమో వెనక్కి తీసుకోండి. అవునంటారా, లిస్టు తీయండి."

ఆయన మెమో అందుకుని ఆ లైను చదివాడు. పేజీ వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు.

"మీ ఉద్యోగం సంగతేంటమ్మా?"

"దానికి వారం టైముందిగా. లిస్టుకు ఇవాళొక్క రోజే."

ఆయన సొరుగు లాగి లిస్టు బయటికి తీశాడు. పెన్ను మూత తీసి, వీధి పేరు అడిగి రాసుకున్నాడు. బండి వచ్చాక ముందు చూడాల్సిన వాళ్లెవరైనా ఉన్నారా అన్నాడు.

"ఒకడున్నాడు. మగ. నలభై నాలుగేళ్లు."

ఆయన రాసుకుంటూ వెళ్లి, తర్వాతి గడి దగ్గర తలెత్తకుండానే 'ఇ' అని మొదలుపెట్టాడు. చిత్రగుప్తమ్మ చెయ్యి చాచి పెన్ను పట్టుకుంది.

"రాళ్ల మిల్లు సార్" అంది. "పూర్తిగా రాయండి."