తిట్టడానికో ఆటగాడు

కలకత్తాలో మా కాలేజీ గేమ్స్ మాస్టారు అక్కడి గార్డెన్ రీచ్‌లోనే పుట్టి పెరిగిన శ్రీకాకుళం మనిషి. ఆట జరుగుతుంటే మైదానానికి వీపు పెట్టి, గ్యాలరీ వైపు చూస్తూ నిలబడేవారు. చూడటానికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. మా ఫుట్‌బాల్ జట్టు గెలవగా నేను చూడలేదు. ఈసారీ గ్యాలరీ ఖాళీగా ఉంటే జట్టును ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ తేల్చేశారు.

కొత్త పిల్లలు చేరగానే, నేను పాఠం చెబుతుండగా మాస్టారు నా క్లాసులోకి వచ్చేశారు. జట్టు గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు. ఒక్కొక్కరికీ ఒక్కో ఆటగాడి పేరు చెప్పి, సరిగ్గా ఆడకపోతే వాణ్ణి తిట్టే పూచీ నీదేనని అప్పగించారు.

నేను ఊరుకుంటానా? "పిల్లలకు తిట్లు నేర్పుతారా మాస్టారూ?" అని నిలదీశాను.

"ఏటి మేడం, మెచ్చుకోవాలంటే ఆళ్లు గెలవాల. తిట్టడానికి పేరు తెలిస్తే సాలు."

"అయితే నన్ను మించిన అభిమాని మీకు దొరకదు," అన్నాను. ఆయన నవ్వలేదు.

మొదటి మ్యాచ్‌కి పిల్లలందరూ ఎవరి ఆటగాణ్ణి వాళ్లు తిట్టుకోవడానికి వచ్చారు. ప్రిన్సిపాల్ కూడా వచ్చి కూర్చున్నారు. మా గోల్‌కీపర్ కాళ్ల మధ్యనుంచి బంతి దూరిపోయింది. అవతలి కాలేజీవాళ్లు వాణ్ణి గేలి చేశారు. నా క్లాసులో ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి ఒకతె లేచి, "వాడు నావాడు! తిడితే నేను తిట్టాలి, మీరెవరు?" అని బెంగాలీలో విరుచుకుపడింది. ఆ వెనకే గ్యాలరీ అంతా లేచింది.

"గోల్ పడింది మాస్టారూ," అన్నాను.

"పడనీండి మేడం. జట్టు నిలబడిపోనాది," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.